ఒరియానో చీటీ

సెప్టెంబరు 6, శనివారం

ఈ పుస్తకం కొన్నది మందుల వేళలు రాసుకోవడానికి. అవన్నీ నాకు నోటికి వచ్చేశాయి. కొత్త పుస్తకం ఊరికే పడి ఉండటం నాకు నచ్చదు కాబట్టి రాస్తున్నాను. దీన్ని ఎవరూ చదవరు, రేపటి నుంచి నేనూ చదవను.

జూన్‌లో పక్షవాతం వచ్చిన ఒరియానోని ఇవాళ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. ఈ మూడూ వెనక్కి రావాలి. "చూద్దాం సిన్యోరా" అన్నాడు డాక్టరు. ఆయన చూసుకోనీ, నాకు తెలుసు. పళ్ళ సహకార సంఘంలో కాటా దగ్గర కూర్చుని రిటైరైనదాన్ని. పీచ్ పళ్ళ ట్రాక్టరు గేటు దాటుతుండగానే బరువు చెప్పేదాన్ని, కాటా తర్వాత నాతో ఒప్పుకునేది. సొంత మొగుడి సంగతి చెప్పలేనా? క్రిస్మస్‌కి మాట్లాడతాడు.

ఇప్పటికి ఒక్క మాట మిగిలింది. "అంతే." దాన్నే నూరు రకాలుగా అంటాడు. ఏ "అంతే"కి ఏ అర్థమో నాకు తెలుస్తుంది.

రేపు టీవీలో కార్ల రేసు, మన దేశంలోనే జరిగేది. మొదటి ముగ్గురూ ఎవరో రాసిన చీటీ ఇవాళ చర్చిలో పన్నెండు గంటలు కొట్టేలోపు ఎడ్డా బార్‌లో ఇవ్వాలి. మంచం పక్కన కూర్చుని, డ్రైవర్లకి మేం పెట్టుకున్న పేర్లతో అడిగాను.

"మొదట ఎవరు, ఒరియానో? గడియారమా?"

"అంతే."

"రెండు, పొడుగోడు?"

"అంతే."

"మూడు, ఎరుపు?"

"అంతే."

ఎంత స్పష్టంగా అన్నాడో! ఆయన పేరు మీద చీటీ రాసి, గంట కొట్టకముందే ఎడ్డా చేతిలో పెట్టొచ్చాను.

సెప్టెంబరు 7

పది పాయింట్లు! ఒరియానోకి! ఈ ఆట కనిపెట్టినవాడే ఆయన, కానీ పుట్టి బుద్ధెరిగాక ఒక్క రేసులో పది తెచ్చుకున్న పాపాన పోలేదు.

బార్ అంతా చప్పట్లు కొట్టింది. లెయార్కో మాత్రం పాయింట్లు రాసే నల్లబల్ల ముందు నిలబడి గడ్డం గోక్కున్నాడు. ట్రాక్టర్ల మెకానిక్కు కదా, ఏది బాగా నడిచినా అనుమానమే. ఒరియానోతో కలిసి ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

"జబ్బు చేశాక తెలివొచ్చిందేంటే వీడికి?" అన్నాడు.

"నీకు జబ్బు చేసినా రాదులే" అన్నాను.

సెప్టెంబరు 10

కాఫీ మెషీను వెనక అతికించిన నిబంధనల కాగితం ఆవిరికి ఉబ్బి చదవరాకుండా పోయిందిట. మళ్ళీ రాసిపెట్టమంది ఎడ్డా. లెక్కలు చూసేదాన్ని నేనే కాబట్టి నేనే రాయాలి. లెక్కలు చూసేవాళ్ళు ఆడకూడదన్నదీ ఒరియానో పెట్టిన నియమమే. తప్పులు లేకుండా ముందిక్కడ రాసుకుంటున్నాను. మాటలన్నీ ఆయనవే.

ఒకటి. మొదటి ముగ్గురి పేర్లు చెప్పాలి. మనిషీ స్థానమూ రెండూ కుదిరితే అయిదు పాయింట్లు. మనిషి ముగ్గురిలో ఉండి స్థానం తప్పితే రెండు.

రెండు. డ్రైవర్లకి కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఈ బార్‌లో చెల్లవు. మనం పెట్టినవే చెల్లుతాయి. (ప్రతి చుట్టూ ఒకే వేగంతో తిరిగేవాడు గడియారం. పొడుగోడు పొడుగోడే. రేడియోలో ఎప్పుడూ ఏదో ఒకటి మొరపెట్టుకునేవాడు ఏడుపుగొట్టు.) ఎర్ర కార్లు రెండున్నా ఒకటే లెక్క. ఏది ముందుంటే అదే ఎరుపు, ఏది ఆగిపోయినా ఎరుపు ఆగినట్టే.

మూడు. అందరికంటే ముందు బండి ఆగిపోయేది ఎవరిదో చెబితే నాలుగు పాయింట్లు. ఎరుపు ఆగిపోతుందని రాసినవాడికి కూడా నిజమైతే నాలుగూ ఇవ్వాలి, న్యాయం న్యాయమే. కానీ వాడు రేసంతా కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి.

నాలుగు. ఎడ్డా టీవీ కట్టేసేసరికి ఏ వరస ఉంటే అదే ఫలితం. తర్వాత కోట్లు వేసుకున్నవాళ్ళు గదిలో కూర్చుని మార్చేది మనకి అక్కర్లేదు.

అయిదు. శనివారం పన్నెండు గంటలు ఆఖరి దెబ్బ పడ్డాక చీటీ తీసుకోబడదు. పోప్ ఇచ్చినా తీసుకోబడదు.

ఆరు. చీటీ ఎవరిది వాళ్ళే ఇవ్వాలి. నోటితోగానీ చేత్తోగానీ. ఒకరి తరఫున ఇంకొకరు ఆడరాదు.

ఏడు. మొదటివాడికి ఉప్పులో ఆరబెట్టిన పంది తొడ ఒకటి. ఆఖరివాడు సీజను ముగింపు విందులో ఏప్రన్ కట్టుకుని అందరికీ వడ్డించాలి.

ఆరోది పుట్టిన ఏడాది నాకు బాగా గుర్తు. లెయార్కో వాళ్ళత్తగారి పేరు మీద చీటీలు వేసి తొడ కొట్టేశాడు. ఆవిడ పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఏడో నిబంధన ప్రకారం ఏప్రన్ ఎక్కువసార్లు కట్టుకున్నది మా ఆయనే. ఏ రేసుకైనా ఒకటే రాసేవాడు. ఎరుపు, మొదటి స్థానం. వర్షమైనా, ఇంజను మార్చినందుకు శిక్షగా ఆఖరి వరసలో నిలబెట్టినా సరే. కార్లకి రంగులు వేసే షెడ్డులో పనిచేసేవాడు. ఎవరైనా తెల్ల కారు తెస్తే "ఎరుపు వేయమంటారా?" అని అడిగేవాడు. ఆ ఏప్రన్ ఉతికి ఇస్త్రీ చేసి మా బీరువాలోనే ఉంటుంది, బార్‌కి తిరిగివ్వడం మేం మానేశాం.

ఈసారి దాన్ని ఇంకొకరికివ్వాల్సి వస్తుంది.

సెప్టెంబరు 14

లెయార్కో వచ్చాడు. ఇంట్లో చేసిన సాసేజీలు తెచ్చాడు, ఒరియానోని చూడాలన్నాడు. నిద్రపోతున్నాడని చెప్పాను.

సెప్టెంబరు 21

గొడవ. గడియారం మూడోవాడిగా గీత దాటాడు. ఎడ్డా టీవీ కట్టేసి కప్పులు తీస్తుండగా ఎవడో ఫోను చూసి అరిచాడు, గడియారానికి అయిదు సెకన్ల శిక్ష వేశారు, ఏడుపుగొట్టు మూడో స్థానంలోకి వచ్చాడు అని. ఏడుపుగొట్టు పేరు రాసుకున్నవాళ్ళంతా నా మీదికి వచ్చారు.

"నాలుగో నిబంధన" అన్నాను.

"ఇది అన్యాయం నీవెస్! ప్రపంచమంతా ఒప్పుకుంది!"

"ప్రపంచం ఎడ్డా బార్‌లో కాఫీ తాగదు."

ఒరియానో అక్కడుంటే అక్షరం పొల్లుపోకుండా ఇదే అనేవాడు. ఇంటికొచ్చి ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను. "అంతే" అన్నాడు. ఈ "అంతే" మెచ్చుకోలు.

ఆయనకి ఏడు పాయింట్లు. పట్టికలో మూడోవాడయ్యాడు.

సెప్టెంబరు 25

లెయార్కో వచ్చాడు. నిద్రపోతున్నాడని చెప్పాను. టీవీ మోత గుమ్మం దాకా వినిపిస్తోంది. టీవీ పెట్టుకుని నిద్రపోతాడని చెప్పాను.

అక్టోబరు 3

మాట నేర్పడానికి ఆస్పత్రివాళ్ళు పంపిన పిల్ల వస్తోంది. అస్సుంతా, నేపుల్స్ పిల్ల. కుర్చీలో కూర్చోకముందే సగం ఊరి కబుర్లు చెప్పేస్తుంది. కాఫీ నాకంటే బాగా చేస్తుంది, అది మాత్రం మొహం మీద చెప్పను.

ఒరియానోకి బొమ్మలు చూపించింది. గుర్రం. "అంతే." కుర్చీ. "అంతే." తర్వాత నెమ్మదిగా అడిగింది, "మీ పేరు కార్లోనా?"

"అంతే."

"మనం ఇప్పుడు సముద్రం మీద ఉన్నామా?"

"అంతే."

నన్ను వంటింట్లోకి పిలిచింది. "సిన్యోరా, మీరు బాధపడకండి. ఆయనకి చాలావరకు అర్థమవుతోంది, కళ్ళల్లో తెలుస్తోంది. కానీ లోపల కాదనుకున్నా బయటికి అదే మాట వస్తోంది. ఆ మాటని మీరు జవాబుగా తీసుకోకూడదు. నిజంగా కాదనడం వచ్చిన రోజున మనం గెలిచినట్టు."

"ఆయన నీతో ఆటలాడుతున్నాడమ్మాయ్" అన్నాను. "నువ్వు కొత్తదానివి. ఆయన హాస్యం నీకు తెలీదు."

"నలుగురిలో కూర్చోబెట్టండి సిన్యోరా. స్నేహితుల్ని రమ్మనండి. బార్‌కి తీసుకెళ్ళండి."

"మెట్లున్నాయి" అన్నాను.

రెండే మెట్లు.

అక్టోబరు 4

పిల్ల బాగానే చదువుకుంది. మనుషుల గురించి చదువుకోలేదు.

చీటీ వేళకి పేర్లు చదివాను. అన్నిటికీ "అంతే." ఊరికే, సరదాకి, ఇంకొకటి కూడా అడిగాను.

"ఎరుపు ఆఖరు స్థానం. సరేనా?"

"అంతే."

చీటీ ఇచ్చొచ్చాను. పొడుగోడు, గడియారం, ఎరుపు.

అక్టోబరు 5

తొమ్మిది పాయింట్లు.

అక్టోబరు 19

లెక్క ఖాయం. నల్లబల్ల మీద ఒరియానో పేరు అందరికంటే పైన రాశాను. సుద్దముక్కతో ఎంత అందంగా రాశానో! ఆ పేరు కింద లెయార్కో, ఆరు పాయింట్ల దూరంలో.

ఇంటికొస్తూ మాంసం కొట్లో ఆగి, తొడ ఎలాంటిది కోయించాలో చెప్పాను. బాగా మాగినది, కొవ్వు అంచు తెల్లగా ఉన్నది. కొట్టువాడు నవ్వాడు. "ముందే కోయించేస్తున్నావా నీవెస్?"

"నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

పట్టికలో మొదటిస్థానంలో ఉన్న మనిషి పోయినవాడు ఎలా అవుతాడు? ఈ వాక్యం ఎందుకు రాశానో తెలియదు. ఉండనీ.

అక్టోబరు 26

చెప్పనే చెప్పాడు లెయార్కో చివరికి. నాకు తెలుసు ఎప్పుడో చెబుతాడని.

రేసు అయిపోయి అందరూ కోట్లు తొడుక్కుంటుండగా లెయార్కో నల్లబల్ల దగ్గరికి వెళ్ళి ఒరియానో పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది ఒరియానో ఆట కాదు" అన్నాడు.

"ఓడిపోతున్నావు కాబట్టి అంటున్నావు."

"ఓడిపోవడం నాకు కొత్తా? విను నీవెస్. వాడు మొన్న ఎరుపుకి మూడో స్థానం ఇచ్చాడు. అంతకుముందూ మూడే. వాడి తల్లిని మూడో స్థానంలో పెడతాడేమోగానీ ఎరుపుని పెట్టడు. ఇంట్లో ఉన్నది ఎవరు? ఆ చీటీ ఆడుతున్నది ఎవరు?"

"నేను చదువుతాను, ఆయన ఒప్పుకుంటాడు."

"ఏమని?"

"అంతే అని."

ఎడ్డా కప్పు కడుగుతూ చెయ్యాపింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఆరో నిబంధన" అన్నాడు లెయార్కో, నెమ్మదిగా.

"ఆరో నిబంధన గురించి మాట్లాడాలంటే ముందు మీ అత్తగారిని పిలుచుకురా!"

దానికి అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "వాణ్ణి తీసుకురా నీవెస్. వాడి నోటితో చెప్పమను. ఏమన్నా సరే నేను నోరు మూసుకుంటాను. నువ్వు నన్ను గుమ్మంలోంచి తిప్పి పంపిస్తున్నది చీటీ కోసం కాదని నాకు తెలుసు."

నేను బ్యాగు తీసుకుని వచ్చేశాను. దారిలో చాలా మంచి జవాబులు తట్టాయి.

అక్టోబరు 27

మెట్లున్నాయి. చలి మొదలైంది. ఆయన కుడివైపు పెదవి జారుతుంది, కాఫీ గడ్డం మీదికి వస్తుంది, నేను తుడవాలి. ఆ బార్‌లో బిలియర్డు కర్ర పట్టుకుంటే ఎదురులేని మనిషి. వాళ్ళ కళ్ళల్లో జాలి చూడటానికా తీసుకెళ్ళాలి? అయ్యో పాపం ఒరియానో అనిపించుకోవడానికా?

పట్టికలో మొదటివాణ్ణి ఎవరూ పాపం అనరు.

నవంబరు 9

అయిదు పాయింట్లు. ఇప్పటికీ మొదటివాడే.

నవంబరు 15

అస్సుంతా అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు కదిలిస్తోంది. "కా. కా." ఒరియానో విసుగ్గా అద్దం వైపు చూస్తాడు. ఎడమచేత్తో చెంచా తనే పట్టుకుంటున్నాడు. సూపు సగం చొక్కాకి పెడతాడు. నేను తినిపిస్తానంటే చెంచా ఇవ్వడు.

మొండి. ఇది మాత్రం ఎక్కడికీ పోలేదు.

నవంబరు 22

పేర్లు చదువుతున్నాను. "మొదట పొడుగోడు?" అని తల ఎత్తేసరికి ఆయన నన్ను చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అలిసిపోయినట్టు "అంతే" అని కళ్ళు మూసుకున్నాడు.

చీటీ ఇచ్చొచ్చాను. పన్నెండో దెబ్బకి బార్ గుమ్మంలోకి అడుగుపెట్టాను. ఎడ్డా నా మొహం చూడకుండా చీటీ తీసుకుంది.

నవంబరు 23

ఎన్ని పాయింట్లో రాయబుద్ధి కావడం లేదు. బాగానే వచ్చాయి.

నవంబరు 30

ఈ వారం కూడా మొదటివాడే. రెండోవాడు లెయార్కో, మూడు పాయింట్ల దూరంలో. వచ్చే ఆదివారం ఆఖరి రేసు.

రాత్రి భోజనాలయ్యాక ఒరియానో గిన్నె తీస్తూ అడిగేశాను, ముందు ఏమీ అనుకోలేదు. "నేను ఆడుతున్నానా నీ ఆట?"

"అంతే."

ఆ మాటని జవాబుగా తీసుకోకూడదని ఆ పిల్ల చెప్పింది. ఈ ఒక్కసారి తీసుకున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆయన గెలుస్తూ ఉంటే ఆయన ఉన్నట్టే అనుకున్నాను. ప్రతి ఆదివారం బల్ల మీద ఆ పేరు రాస్తుంటే ఆయన నా పక్కన నిలబడ్డట్టే ఉండేది. కానీ ఆ బల్ల మీద ఉన్నది ఒరియానో కాదు, లెక్కలు బాగా వచ్చిన నీవెస్. నా మొగుడు లేడు అక్కడ. నాకు ఆయన కావాలి.

శనివారం తీసుకెళతాను. మెట్లు రెండే.

డిసెంబరు 6, శనివారం

ఇవాళ్టిది అంతా రాయాలి.

పొద్దున నీలం స్వెట్టరు తొడిగాను. అస్సుంతా కూడా వచ్చింది, సెలవైనా సరే. చక్రాల కుర్చీ మెట్ల దగ్గర ఆగేసరికి లెయార్కో తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఒరియానోని చూశాడు. నేను వాడి కళ్ళనే చూస్తున్నాను, జాలి కనబడితే అక్కడి నుంచే వెనక్కి తిప్పేద్దామని.

"ఒరేయ్ రంగులోడా!" అన్నాడు లెయార్కో. "నీ పెళ్ళాం నీ పేరు మీద నా తొడ కొట్టేస్తోంది, ఇంట్లో పడుకుని ఏం చేస్తున్నావురా?"

ఒరియానో ఎడమవైపు మొహమంతా నవ్వింది. నిజంగా.

బార్‌లోంచి నలుగురు వచ్చి కుర్చీ ఎత్తి లోపల పెట్టారు. ఎడ్డా ఏమీ అడగకుండా చిన్న గాజు గ్లాసులో కాఫీ పోసి, సోంపు సారా ఒక చుక్క వేసి, ఎడమచేతికి అందేట్టు పెట్టింది. కాఫీ గడ్డం మీదికి కారింది. లెయార్కో తన రుమాలు తీసి తుడిచి, మాట ఆపకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను తుడుద్దామని లేవబోయి కూర్చున్నాను.

పన్నెండుకి ఇంకా కొద్దిసేపే ఉంది. అందరి చీటీలూ ఎడ్డా డబ్బాలో పడ్డాయి, ఒక్కటి తప్ప. నేను లేచి, కాటా దగ్గర వాడే గొంతుతో చదివాను. "ఒరియానో చీటీ. మొదట గడియారం. రెండు పొడుగోడు. మూడు ఎరుపు. ఒప్పుకుంటావా?"

ఆయన నన్ను చూశాడు. పెదవులు దగ్గరికి తెచ్చాడు. మెడ మీద నరం ఉబ్బింది. అస్సుంతా నా మోచెయ్యి పట్టుకుంది.

"కా" అన్నాడు.

ఎడ్డా కాఫీ మెషీను ఆపేసింది.

"కాదు."

కాదు! నాతో! అందరి ముందూ! జూన్ నుంచి ఆయన నాతో అన్న మొదటి కొత్త మాట అది, అదీ నాకు ఎదురు మాట. నేను ఏడ్చేశాను. సిగ్గుపడలేదు.

అంతటితో ఆగలేదు. ఎడమచేత్తో నల్లబల్ల వైపు చూపించాడు. లెయార్కో కుర్చీ అక్కడికి తోశాడు. తన పేరుకి ఎదురుగా ఉన్న అంకెని ఒరియానో కాసేపు చూశాడు, ఆ తర్వాత అరచేత్తో తుడిచేశాడు. ఒక్కసారి కాదు, ఆనవాలు కూడా లేకుండా. తుడుస్తూ తుడుస్తూ లెయార్కో అంకెలో సగం కూడా తుడిచేశాడు.

"ఒరేయ్, నాది ఉంచరా!" అని గోలపెట్టాడు లెయార్కో.

ఒరియానో సుద్ద అంటిన వేలితో కాఫీ మెషీను వెనక నా చేతిరాతలో ఉన్న కాగితం చూపించాడు. ఏ నిబంధనో చెప్పనక్కర్లేదు. ఆయన రాసిందే. నేనూ తప్పుల్లేకుండా ఎత్తిరాసిందే.

"సున్నా" అన్నాను. నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. "ఒరియానోకి ఈ ఏడాది సున్నా. నిబంధన నిబంధనే."

చర్చి గంట మొదలైంది. ఒకటి, రెండు.

"ఒరే, చీటీ!" అని అరిచాడు లెయార్కో. "చీటీ చెప్పరా, గంటలయిపోతున్నాయ్!"

అస్సుంతా వంగి ఆయన మొహంలో మొహం పెట్టింది. ఆయన నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. ఇంకోసారి. ఏడో దెబ్బ, ఎనిమిదో దెబ్బ.

"ఎ... ఎరు..."

"స్థానం?" అని అడిగాను. అడగాలి. నోటితో చెప్పాలి.

ఎడమచెయ్యి చూపుడు వేలు ఎత్తాడు. ఒకటి.

పన్నెండో దెబ్బ పడేసరికి నా పెన్ను రాసేసింది. ఎరుపు, మొదటి స్థానం. మిగతా రెండు స్థానాలూ ఖాళీ. ఆయనకి వాటితో ఎప్పుడూ పెద్ద పని ఉండేది కాదు.

డిసెంబరు 7

బార్‌లోకి వెళ్ళేసరికి లెయార్కో కుర్చీ గోడవైపు తిరిగి ఉంది.

నిన్న పొద్దున ఒరియానో రాకముందే చీటీ వేశాడు వాడు. ఎలాగైనా నన్ను దాటాలని, ఎరుపే ముందు ఆగిపోతుందని రాశాడు. ఈ బార్ పుట్టాక ఆ పని చేసినవాడు లేడు. ఇప్పుడు దాటడానికి ఎవరూ లేరు, వాడి కుర్చీ మాత్రం గోడకి ఎదురుగా. నాకు నవ్వాగలేదు.

"ఏం కనిపిస్తోంది లెయార్కో?" అని అడిగింది ఎడ్డా.

"సున్నం రాలుతోంది. బార్ బాగుచేయించుకో."

రెండో చుట్టులో ఎర్ర కారు ఒకటి మలుపు దగ్గర పక్కకి జరిగి, పొగ వదిలి, ఆగిపోయింది. అందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. గోడవైపు నుంచి కూడా ఒక "అయ్యో" వినిపించింది, అన్నిటికంటే పెద్దగా. నాలుగు పాయింట్లు వచ్చినవాడు కళ్ళు తుడుచుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

ఒరియానో ఏం చేశాడు? ఎర్ర కారు ఆగినప్పుడల్లా ఐస్‌క్రీం ఫ్రిజ్జుని కాలితో తన్నేవాడు, దాని మూల సొట్ట ఆయనదే. ఇవాళ నా వైపు చూసి కళ్ళతో ఫ్రిజ్జు చూపించాడు. అర్థమైంది. లేచి వెళ్ళి నేను తన్నాను, ఆయన తరఫున. ఆరో నిబంధన ఫ్రిజ్జుకి వర్తించదు.

రెండో ఎర్ర కారు అయిదో స్థానంలో వచ్చింది. తొడ లెయార్కోది. ఒరియానో ఆఖరు. పాయింట్లు సున్నా.

డిసెంబరు 13

విందు. బీరువాలోంచి ఏప్రన్ తీశాను. ఇస్త్రీ పోలేదు.

కట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, తాళ్ళు తనే పట్టుకున్నాడు. ఒక్క చేత్తో ముడి పడదు కదా. రెండో తాడు నేను పట్టుకున్నాను. ఆయన కుర్చీని లెయార్కో తోస్తుంటే, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని ఒక్కొక్కరికీ సూపు గిన్నె అందించాడు. మాంసం కూరి టోపీల్లా మడిచిన పిండి బిళ్ళలు సగం గిన్నెలో, సగం ఏప్రన్ మీద. ఎవరూ "నువ్వు కూర్చో, మేం పెట్టుకుంటాం" అనలేదు. ఎడ్డా అయితే "నాకింకాస్త పొయ్యి, పిసినారోడా" అంది.

నా దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. నా గిన్నె నింపి ఇచ్చాడు. చాలా నిండుగా. నా ఒళ్ళో ఒలికింది, మంచి గౌను. తుడుచుకుని తిన్నాను.

తొడ కోశాక మొదటి ముక్క లెయార్కో ఆయన నోట్లో పెట్టాడు. "నీ పెళ్ళాం కంటే బాగా ఆడానురా" అన్నాడు.

"కాదు" అన్నాడు ఒరియానో.

మార్చి 7, శనివారం

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయాల్సినంత బాధ లేదు.

కొత్త సీజను. కుడి చెయ్యి ఇంకా రాలేదు. కాలు కొంచెం వచ్చింది, కర్ర పట్టుకుని రెండు మెట్లూ ఎక్కుతాడు. మాటలు ఓ పిడికెడు. క్రిస్మస్‌కి మాట్లాడతాడని నేను చెప్పిన లెక్క ఇంచుమించు సరిపోయినట్టే, ఎవరేమన్నా సరే.

చీటీ వేళకి బార్‌లో ఆయన ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పెద్దదాన్నయినా బుద్ధి మారదు, ఒకసారి తేల్చుకుందామనిపించింది.

"ఎరుపు మూడో స్థానం. రాసుకోనా?"

చూశాడు నన్ను. పెళ్ళయిన కొత్తలో, ఆయన స్కూటరుకి నీలం రంగు వేయిద్దామన్నప్పుడు చూసినట్టే.

"కాదు."

"రెండు?"

"కాదు."

"మొదటిది?"

"అంతే" అన్నాడు ఒరియానో.

రాసుకున్నాను.